ఓడ ఎవరు చేశారు?

శనివారం, బిషాన్, సింగపూర్

ఆ యుద్ధనౌక బొమ్మ కిట్‌తో ఐదు నెలలు కూర్చున్నది నేను. ఫిరంగులను పట్టకారుతో అతికించిందీ, ఓడ స్తంభాలకు సన్నని దారాలు కట్టిందీ నేనే. ఈరోజు రవి వాళ్ల ఆఫీసు మేనేజర్, ఆయన భార్య భోజనానికి వచ్చారు.

"అబ్బ, ఎవరు చేశారిది?" అన్నారాయన.

"నేనే సర్. టెన్షన్ పోవడానికి," అన్నాడు రవి, నా మొగుడు, నా ఎదుటే!

"దారాలెలా కట్టారండీ?" అని ఆవిడ అడిగితే, "ఓపిక ఉండాలి మేడం," అన్నాడు. ఓపికట! జిగురు వాసనకే తలనొప్పి అంటూ గది వదిలి పారిపోయే మనిషి!

వాళ్లు వెళ్లాక నిలదీశాను.

"అప్రైజల్ టైమ్ కదా సుధా! ఓడను సోమవారం ఆఫీసుకు తెమ్మన్నారు సార్. అయినా బొమ్మకింత గొడవా?"

ఆఫీసులో నేను రాసిన వైటూకే ప్రోగ్రామును టీమ్ లీడర్ తనదిగా చూపించుకున్నప్పుడూ నోరు మూసుకున్నాను. ఇవాళ అతిథుల ముందూ అంతే. ఇదే అలవాటైపోతుందా నాకు?

లేచి వెళ్లి, ఓడ వెనక పేరు రాసే చోట తెల్లరంగుతో పెద్ద అక్షరాల్లో 'సుధ' అని రాశాను. తీసుకెళ్లమను ఇక, సోమవారం.