దగ్గరగా చూడాల్సిన అద్దం

చిరంజీవి తమ్ముడికి,

అక్క దీవెనలు. ఇంగ్లిషు టీచరు సంబంధం ఇంచుమించు కుదిరేట్టుంది. ఆ పిల్ల మేనత్త గౌను కుట్టించుకోవడానికి మా కుట్టు దుకాణానికొచ్చి, నువ్వెలాంటివాడివని అడిగింది. మూడు మాటలు మాట్లాడితే ఆ పూటకి నోరు కట్టేసే రకం అన్నాను. అది విని పిల్ల, "అయితే ఇంట్రోవర్ట్ అన్నమాట" అందట. అదేం జబ్బో ఏమిటోనని, మా వంశంలో ఎవరికీ లేదని కబురంపాను.

ముందు రెండు సంబంధాలూ నేలచూపులు చూసి పోగొట్టావు. ఇదీ పోతే నావల్ల కాదు. నువ్వెలాగూ మాట్లాడవు కాబట్టి, నీ చేత్తో చేసిన అద్దం ఒకటి వాళ్ళింటికి పంపు.

నీ బాగు కోరే,
అక్క

తా.క. పోయినసారి "క్షేమం" అని ఒక్క ముక్క రాశావు. స్టాంపు దండగ.

---

అక్కకు నమస్కారం.

అద్దం పంపాను. గీతలు పడకుండా ముఖం లోపలికి పెట్టి కట్టాను. మా అద్దాల కార్ఖానాలో అంతే, పెట్టె మీద "ఇన్‌వర్డ్", అంటే లోపలి వైపు, అని కూడా రాస్తాం. నేను చేసినవాటిలో అదే బాగా వచ్చింది.

తమ్ముడు

తా.క. అది జబ్బు కాదు. లోలోపల ఉండే మనిషి అని మా మేనేజరు చెప్పాడు. మందు మాత్రం లేదట.

---

ఒరేయ్ తమ్ముడూ,

దీవెనలు తర్వాత, ముందు నా ఏడుపు విను. నీ అద్దాన్ని వాళ్ళు ముందుగదిలో గోడకి తగిలించారు. పిల్ల తండ్రి రైలు గార్డు. డ్యూటీ దిగి ఇంటికొచ్చి తలుపు తీస్తే ఎదురుగా ఆయనే, తలకిందులుగా, టోపీ కిందా బూట్లు పైనా. కాబోయే మామగారికి పెళ్ళికి ముందే ఈ మర్యాదా అని మండిపడుతున్నాడు. మేనత్త కొత్త గౌనులో చూసుకుని, నేను తిరగేసి కుట్టానని దుకాణానికొచ్చి మరీ దులిపేసింది.

ఏం పంపావురా నాయనా? సంబంధం చెయ్యి జారిపోయేలా ఉంది.

తల పట్టుకు కూర్చున్న,
అక్క

తా.క. ఆ పిల్ల ఇంతవరకూ ఒక్క మాటా అనలేదు. నాకు అదే మరీ భయం.

---

అక్కా,

తప్పు నాదే. అది కాన్‌కేవ్ అద్దం, అంటే లోపలికి వంగినది. గడ్డం గీసుకునేవాళ్ళ కోసం చేస్తాం. మేం ఎప్పుడూ బల్ల మీద పెట్టుకుని, ముక్కు ఆనేంత దగ్గర నుంచి చూస్తాం. గోడకి కొట్టి గుమ్మంలోంచి చూస్తారని నాకు తట్టనే లేదు.

దగ్గర నుంచి చూస్తే ముఖం నిటారుగా, పెద్దగా, రెప్ప వెంట్రుకలతో సహా కనిపిస్తుంది. దూరం నుంచి తలకిందులు. మధ్యలో ఒకచోట అంతా మసక.

నేనూ అంతేనక్కా. దూరం నుంచి చూసేవాళ్ళకి తిక్కమనిషిలా కనిపిస్తాను. దగ్గరికి రాబోయినవాళ్ళు ఆ మసక దగ్గరే వెనక్కి తిరిగారు. ఈ అమ్మాయి తిరక్కుండా ఉంటే బాగుండునని ఉంది. భయంగా కూడా ఉంది.

తమ్ముడు

తా.క. ఇది ఎవరికీ చూపించకు.

---

బంగారు తమ్ముడికి,

అక్క దీవెనలు, ఈసారి రెట్టింపు. నీ ఉత్తరం ఎవరికీ చూపించలేదు, ఆ అవసరమే రాలేదు. చదివి మడిచేలోపు ఆ పిల్లే దుకాణానికొచ్చి, అద్దం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

అది గోడకి పెట్టేది కాదని తనకి మొదటి రోజే తెలుసట. "మరి చెప్పలేదేమమ్మా" అంటే, నాన్న తలుపు తీసినప్పుడల్లా నవ్వు ఆపుకోలేకపోయాను, ఇంకొన్నాళ్ళు ఉండనిద్దామనిపించింది అంది. తర్వాత మెల్లగా, "గుమ్మం నుంచి అద్దం దాకా నడిచి చూశానండీ. మధ్యలో అంతా మసకైపోయింది. అయినా ఆగలేదు" అంది.

నువ్వు రాసిన ముక్కే ఆ పిల్ల నోట విని నాకు కళ్ళనీళ్ళు ఆగలేదురా. నిన్నన్న ఇంట్రోవర్ట్, పెట్టె మీది ఇన్‌వర్డ్, అద్దం పేరు కాన్‌కేవ్, ఆ ఇంగ్లిషు మాటలు మూడూ లోపలి వైపు చూసేవేనట, నాలుగోది తానట. ఆ మాట అన్నాక ఇక నోరు విప్పితే ఒట్టు. వెళ్ళే ముందు అద్దాన్ని మళ్ళీ గుడ్డలో చుట్టింది, ముఖం లోపలికి పెట్టి. అలా చుట్టమని నేనేమీ చెప్పలేదు.

తండ్రికి నేను సర్దిచెప్పాను. ఆదివారం బయల్దేరి రా.

నీ అక్క

తా.క. నేలచూపులు చూసినా పరవాలేదు. ఆ పిల్లా అటే చూస్తూ ఉంటుంది.