ఆగింది మా ఆయన, ఫోను కాదు

విభాగాధికారి గారి సముఖమునకు,

అయ్యా,

విషయం: పార్కిన్సన్స్ జబ్బుతో ఉన్న మా ఆయన పేరును నడక చికిత్స నుంచి "హాజరు కాలేదు" అని కొట్టివేయుట గురించి, ఆయనను తిరిగి హాల్లో చేర్చుకొనవలెనని.

రిటైరైన బస్సు డ్రైవరు గారి భార్యను, దర్జీ పని చేసుకునేదాన్ని, సవినయంగా మనవి చేసుకోవడం ఏమనగా:

1. ఆసుపత్రి కింది అంతస్తులోని హాలు మూసివేసి, ఇకమీదట చికిత్స అంతా ఫోనులో వీడియో ద్వారానే జరుగునని తమరు ఉత్తర్వు ఇచ్చియున్నారు. దాని ప్రకారం మేము కుర్చీలు గోడకు జరిపి, ఫోనును కుట్టుమిషను మీద నిలబెట్టి, వేళకు హాజరైనాము. జబ్బుతో ఆయన గొంతు సన్నబడింది గనుక పేరు పిలిచినప్పుడు ఆయన బదులు నేనే పలికాను.

2. సదరు జబ్బులో నడుస్తున్న మనిషి ఉన్నట్టుండి ఆగిపోతాడు. కాళ్ళు నేలకు అతుక్కుంటాయి, ముఖం బిగుసుకుంటుంది, రెప్ప కూడా సరిగా పడదు. ఫోనులో అవతల ఉన్న ఫిజియో అమ్మాయికి ఇది బొమ్మ ఆగిపోయినట్టు కనిపించింది. నెట్ పోయినట్టుంది, మళ్ళీ కలుపుతానని పెట్టేసింది. ఆగింది ఫోను కాదమ్మా, మా ఆయన అని నేను అరిచేలోపే పెట్టేసింది. మళ్ళీ కలిపేసరికి ఆయన అలాగే ఉన్నారు. మళ్ళీ పెట్టేసింది. ఇలా జరిగినప్పుడల్లా తమ కంప్యూటరులో "హాజరు కాలేదు" అని పడింది. అయ్యా, మనిషి హాజరై, నిటారుగా నిలబడే ఉన్నాడు. అలా నిలబడిపోవడమే ఆయన జబ్బు. దాని కోసమే కదా డాక్టరు గారు తమ దగ్గరికి పంపింది?

3. అమ్మాయి మీద ఫిర్యాదు కాదు. బంగారం లాంటి పిల్ల. హాల్లో ఆయన ఆగిపోతే, ఆయన బూటు ముందు తన కాలు అడ్డం పెట్టి, "నా కాలు తొక్కకుండా దాటండి బాబాయ్ గారూ" అనేది. ఆయన దాటేవారు. ఫోనులో అదే చూపించబోతే మాకు ఆమె బల్ల కాలే కనిపించింది. పోనీ అని నా కాలు పెట్టాను. తియ్యవే, తొక్కుతాను అని కసిరారు. పెళ్ళైన నాటి నుంచీ నా నోటి మాటే వినని మనిషి, ఇప్పుడు నా కాలి మాట వింటారా? హాల్లో డ్రిల్లు మాస్టారని ఇంకో పేషెంటు ఉండేవారు. ఈయన ఆగితే చాలు, వెనక నుంచి "ఏం డ్రైవరూ, రెడ్ లైటా?" అనేవారు. ఈయన ముఖంలో నవ్వు కనిపించకపోయినా భుజాలు కదిలేవి, వాటి వెనకే అడుగూ పడేది. ఇంట్లో ఆ మాట అనడానికి నేనే ఉన్నాను. నాకు నోరు రావడం లేదు.

4. ఫోను ఆగిందో మనిషి ఆగాడో తెలియడానికి పక్కన నిలబడి చెయ్యి ఊపమని ఆ అమ్మాయే ఉపాయం చెప్పింది. ఊపాను. పోయిన వారం కూడా వెర్రిదానిలా ఊపుతూనే ఉన్నాను, నా పక్కనే ఆయన ముందుకు కూలిపోయారు. కనుబొమ మీద కుట్లు పడ్డాయి. పట్టుకోవలసిన చేతిని ఫోనుకు చూపిస్తూ నిలబడ్డాను అయ్యా, నన్ను ఏమనాలి? అవతల ఆ అమ్మాయి ఏడ్చేసింది. అది మాత్రం స్పష్టంగా కనిపించింది, నెట్ బాగానే ఉంది.

5. ఈ వారం తమరు ఆయన పేరే కొట్టివేసినా, ఫోను తీసేయమని నా కోరిక కాదు. బస్సుల మీద బస్సులు మారి హాలుకు వచ్చే ఇంకో పేషెంటు, టీచరమ్మకు అదే ఆధారం, అది ఆమెకు ఉండాలి. మాకు మాత్రం వారానికి ఒక్క రోజైనా హాలు కావాలి. నడక పూర్తిగా పోయాక తిరిగి రప్పించడం కష్టమని డాక్టరు గారు అన్నారు. నిన్న ఆయన, "ఇంక నన్ను లేపకే, కూర్చోనియ్యి" అన్నారు. జబ్బు వచ్చాక ఆ మాట అనడం ఇదే మొదలు. అప్పటి నుంచి నాకు అన్నం సహించడం లేదు. ఆయన కూర్చుండిపోతారని భయంగా ఉంది.

కావున తాము దయతో చిత్తగించవలెను. చిత్తం కుదరనిచో కనీసం కళ్ళతో చూడవలెను.

ఇట్లు,
తమ విధేయురాలు,
డ్రైవరు గారి భార్య

తా.క. అర్జీ స్వయంగా ఇద్దామని ఇద్దరం వచ్చాం. తమ గది గుమ్మం ముందే ఆయన ఆగిపోయారు. లోపలికైనా పొండి, పక్కకైనా జరగండి అని ప్యూను గారు విసుక్కుంటున్నారు. రెండూ మా వల్ల కావడం లేదు. ఒక చేత్తో ఆయన నడుం పట్టుకుని, రెండో చేత్తో ప్యూను గారి బల్ల మీద ఇది రాసి లోపలికి పంపుతున్నాను. తమరే ఒక్కసారి లేచి బయటికి రండి. త్వరగా రండి బాబూ, నా చెయ్యి లాగేస్తోంది.