కోదండానికి నిద్ర పట్టింది

నగరి,
19 ఆగస్టు 2024.

ప్రసన్నకుమారి మేడమ్‌కు, నగరి నుంచి దేవకమ్మ చేతులెత్తి నమస్కరించి రాసేది. ఈడ మేము బాగుండాము. మీరూ మీ ఇంటోళ్లూ చల్లగా ఉండాలని స్వామికి మొక్కుకుంటా ఉండాను.

ఎండాకాలంలో మా కోదండాన్ని తిరుపతి ఆసుపత్రికి పిలుచుకొని వచ్చినాను, గుర్తుండే ఉంటాది. పవర్‌లూమ్ నేసే మనిషి. భార్య మహితకు కిడ్నీలు పోయి మంచాన పడితే, పసిబిడ్డ మాదిరి సాకినాడు. ఒళ్లు తుడిచేదీ జడ వేసేదీ అన్నీ తానే. ఆడోళ్ల పని అని ఇరుగుపొరుగు నవ్వితే, నా పెండ్లాం పని అన్నాడు.

మహిత పోయినాక నిద్ర కూడా పోయింది. ఆకు కదిలినా, పిలిచినావా అంటా లేచి కూర్చునేవాడు. పగలు మగ్గం కాడ తూగి, దారంతో అటూ ఇటూ పరిగెత్తే నాడె తగిలి వేలు పగిలింది. చెయ్యే పోతాది, బాగయ్యేదాకా రావద్దప్పా అన్నాడు ఓనరు. అప్పుడు కదా మీ కాడికి వచ్చింది.

మాత్రలిస్తారనుకుంటిమి. మీరేమో, నిద్రొస్తేనే పడుకో, రాకుంటే లేచి వేరే చోట కూర్చో, ఎప్పుడు పడుకున్నా తెల్లారి ఒకే టైముకు లెయ్యి, పగలు కునుకు తియ్యొద్దు అన్నారు. సాయంత్రాలు కూర్చుని మహిత గురించి నోరారా మాట్లాడుకోమన్నారు, ఆ బాధ పడకలోకి మోసుకుపోకుండా. ఇదేం వైద్యమబ్బా అనుకున్నాను.

మొదట్లో నిద్ర ఇంకా పాడైంది. మానేస్తానన్నాడు. మీరే ఫోన్ చేసి, ఇన్నాళ్లు ఆమె కోసం మేలుకోవడం నేర్చుకున్నావు, ఇప్పుడు నిద్రపోవడం నేర్చుకోవాల, దానికీ టైం పడతాది అని చెప్పినారంట. ఆ మాట గట్టిగా పట్టుకున్నాడు. ఒక సాయంత్రం, ఉప్పు లేని అన్నం తినలేక మహిత పక్కింటి నుంచి దొంగతనంగా ఊరగాయ తెప్పించుకున్నది తల్చుకుని నవ్వినాడు. నవ్వతా నవ్వతానే ఏడ్చేసినాడు. ఆ తర్వాత కొంచెం కొంచెంగా నిద్ర పట్టింది.

పోయిన వారం ఉరుములకు వీధంతా లేచి కూర్చుంటే, కోదండం లేవలేదు. తెల్లారి నేనే తట్టి లేపినాను. మళ్లీ పనికి పోతా ఉండాడు. మాత్ర ఎవరైనా రాసిస్తారు మేడమ్. వైద్యం మానేస్తానన్న మనిషికి ఫోన్ చేసేవాళ్లు యాడుండారు?

ఇట్లు,
దేవకమ్మ.

తా.క.: మొదటి రోజు మీరు, కోదండం వాళ్లమ్మా అని అడిగితే తల ఊపినాను. నేను అమ్మను కాదు, అత్తను. మహిత నా కూతురు. ఆ మాట చెప్తే, బిడ్డను పోగొట్టుకున్న తల్లి అని మీరంతా నా వైపు తిరుగుతారని, కోదండం సంగతి వెనకబడతాదని దాచినాను. మంచానికి ఒక పక్క అల్లుడుంటే ఇంకో పక్క నేనే ఉన్నాను. నిన్న సాయంత్రం, నువ్వెప్పుడు నిద్రపోతావత్తా అని అడిగినాడు. రాత్రిళ్లు నేనూ మేలుకునే ఉంటానని కోదండానికి తెలిసిపోయింది. వచ్చే సోమవారం నన్ను మీ కాడికి పిలుచుకొని వస్తానంటా ఉండాడు.