మంచు టైర్లు

రేపల్లె,
మంగళవారం

బావా,

ఫోన్ చేయకుండా ఉత్తరమేమిటని విసుక్కోకు. మా ఇంట్లో ఏ మూల నిలబడి మాట్లాడినా మైథిలి చెవిన పడుతుంది. కాలేజీలో నలుగురి మధ్య ఫోన్లో చెప్పలేను, అందుకని స్టాఫ్ రూములో కూర్చుని రాస్తున్నాను.

ముందు నీకు కోపం తెప్పించే సంగతి. మా పెళ్లిరోజుకి నువ్వు ముచ్చటపడి బాపట్లలో మా కారుకి వేయించావే, ఆ పదిహేడు అంగుళాల అల్లాయ్ చక్రాలు తీయించేస్తున్నాను. అవి చూడ్డానికి బాగుంటాయి, కాదనను. నీ మీసంలాగే దర్జాగా ఉంటాయి. కానీ చక్రం పెద్దది కావడంతో దాని చుట్టూ ఉండే టైరు పలచనిది. గుంతలో పడితే ఆ దెబ్బ మధ్యలో ఎక్కడా ఆగదు, నేరుగా నీ చెల్లెలి వెన్నులోకి పోతుంది. రొమ్ములో మొదలైన జబ్బు వెన్నుపూసల దాకా పాకిందని నీకు తెలుసు కదా. రైల్లో కూర్చోలేదు. వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకోబెట్టి, మందు ఎక్కించడానికి ప్రతి గురువారం తెనాలి ఆసుపత్రికి తీసుకెళ్తున్నాను. భట్టిప్రోలు దాటామంటే ప్రతి గుంతకీ "అమ్మా" అని అరుస్తుంది. పోయినసారి వేమూరు దగ్గర కారు ఆపి, కిందికి దిగి, రోడ్డుని నోటికొచ్చినట్టు తిట్టాను. పొలంలో పని చేసుకుంటున్నవాళ్లు నడుములెత్తి నావైపు చూశారు. సిగ్గు కూడా వేయలేదు.

ఇంటికొచ్చాక తను, "ఇంక నన్ను తీసుకెళ్లకండి, చాలండి" అంది. ఈ మందు ఆపితే ఎక్కువ రోజులు ఉండదని డాక్టరు తేల్చేశాడు. వాడితే ఎన్నాళ్లుంటుందో మాత్రం చెప్పడు. నాకు భయంగా ఉంది బావా. పగలంతా క్లాసుల్లో అరిచి పాఠాలు చెప్పి, గేటు తీసుకుని ఇంట్లోకి వెళ్లాలంటే కాళ్లు రావడం లేదు. బాగా ఆలోచించాను. తను వద్దంటున్నది మందుని కాదు, ఆ రోడ్డుని. రోడ్డు వేయించడం నా వల్ల కాదు. చక్రాలు మార్చడమైతే అవుతుంది.

మంచు కురిసే చోట్ల కార్లకి వేరే టైర్లు వాడతారు. చలికి బిగుసుకుపోకుండా వాటి రబ్బరు మెత్తగా తయారుచేస్తారు. కెమిస్ట్రీ చెప్పుకుని బతికేవాణ్ణి, ఆ సంగతి చదవగానే కుర్చీలోంచి లేచాను. మెత్తన! నాకు కావలసింది అదే కదా. అంగలకుదురులో హనుమయ్య అని టైర్ల కొట్టతను ఉన్నాడు, వెళ్లి అడిగాను.

"ఏంటి సార్, మంచు టైర్లా? తెనాల్లో మంచెప్పుడు పడిందండి?" అని నవ్వాడు.

"పడక్కర్లేదు. మెత్తగా ఉంటే చాలు."

"ఈ ఎండలకి నెల తిరక్కుండా అరిగిపోతాయండి బాబూ!"

"నెల చాలు" అన్నాను.

ఆ మాట నా నోట ఎలా వచ్చిందో నాకు తెలియదు. హనుమయ్య నవ్వడం ఆపేసి, కుర్చీ లాగి కూర్చోమన్నాడు. ఎవరికని అడిగాడు. చెప్పాను. తర్వాత ఇంక వాదించలేదు. కంపెనీ వాళ్లు మొదట ఇచ్చిన పదిహేను అంగుళాల చక్రాలే మళ్లీ వేద్దామన్నాడు. చక్రం చిన్నదైతే, ఆ తగ్గిన మేర ఎత్తైన టైరు పడుతుందట, కారు ఎత్తు మారదట. మనాలిలో ఎవరికో ఫోన్ చేసి టైర్లు పార్సిల్ పంపమన్నాడు.

మైథిలికి నువ్వు ఫోన్ చేసినప్పుడు ఇదంతా చెప్పకు. ఇంకొక్కసారి రావడానికి మాత్రం ఒప్పించు. నువ్వు చెబితే వింటుంది.

నీ
పురుషోత్తం

*

రేపల్లె,
శుక్రవారం

బావా,

గెలిచాం!

టైర్లు దిగేసరికి ఒక గురువారం పోయింది గానీ, నిన్న వెళ్లొచ్చాం. భట్టిప్రోలు దాటింది, వెనక నుంచి చప్పుడు లేదు. వేమూరు దాటింది, అయినా లేదు. అద్దంలో చూస్తే కళ్లు మూసుకుని, చీర చెంగు నోటి మీదికి లాక్కుని పడుకుని ఉంది. "ఎలా ఉంది మైథిలీ?" అంటే, కాసేపటికి, "మెత్తగా ఉందండీ" అంది. రోడ్డు కనపడక కారు పక్కకి తీసి ఆపుకున్నాను. నువ్వు చూసి ఉంటే ఏడిపించేవాడివి.

హనుమయ్య అన్నట్టే ఎండకి రబ్బరు కాలిన వాసన వస్తోంది. రానీ. ఇవి అరిగితే ఇంకో నాలుగు తెప్పిస్తాను. నెల చాలు అన్న మాట వెనక్కి తీసుకుంటున్నాను. వచ్చే గురువారం మళ్లీ వెళ్లాలి. చూద్దువుగాని, నీ చెల్లెలు ఇంక వద్దనదు.

నీ
పురుషోత్తం

*

ఇల్లు,
బుధవారం

ఏవండీ,

పక్క గదిలో పేపర్లు దిద్దుకుంటున్న మనిషికి ఉత్తరం రాస్తోంది, దీనికి మతి పోయిందనుకోకండి. మీతో చెప్పాలనే చూశాను. నేను నోరు తెరవగానే మీరు లేచి ఏదో ఒకటి తేవడానికి పరుగెడతారు. వేణ్ణీళ్లు, దిండు, మాత్ర. ఇప్పుడు టైర్లు. కాగితమైతే చివరి దాకా చదువుతారని రాస్తున్నాను.

మీ టైర్లకి వంక పెట్టను. గుంతలు నిజంగానే తెలియలేదు. కానీ నా నొప్పి గుంతల వల్ల వచ్చేది కాదండీ. కారు కదలకపోయినా వస్తుంది. మంచం మీద ఉన్నా వస్తుంది, మీరు పక్కన కూర్చుని పేపరు చదివి వినిపిస్తున్నా వస్తుంది. ఇంట్లో అరిస్తే మీ మొహం చూడలేను. అందుకని పళ్లు బిగించుకునేదాన్ని. కారెక్కాక గుంత ఎప్పుడొస్తుందా అని చూసేదాన్ని. గుంత రాగానే అన్నాళ్లూ దాచుకున్నదంతా అరిచేసేదాన్ని. మీరు రోడ్డుని తిట్టేవారు. నాకు కాస్త ఊపిరాడేది. వారానికోసారి నాకు దొరికేది అంతే.

మొన్న గురువారం గుంతే లేదు. ఏ వంకతో అరవను? తెనాలి దాకా చీర చెంగు నోట్లో కుక్కుకుని పడుకున్నాను. అద్దంలో మీ మొహం చూస్తే పండగ చేసుకుంటున్నట్టుంది. మెత్తగా ఉందని అందుకే అన్నాను. మిమ్మల్ని మోసం చేయాలని కాదు. ఎన్ని నెలల తర్వాతో మీ మొహం అలా చూశాను, చెడగొట్టలేకపోయాను. కానీ ఇంకోసారి అలా పడుకోవడం నా వల్ల కాదు.

రేపు తెనాలి వద్దు. ఇంకెప్పుడూ వద్దు. విసుగొచ్చి అంటున్నది కాదు, అన్నయ్యతో కూడా మాట్లాడాను. వాడు ఏడ్చాడు గానీ, కాదనలేదు. నొప్పి తగ్గే మందు ఇంటికే వచ్చి ఇస్తానని మన వీధి డాక్టరమ్మ ఒప్పుకుంది. తగ్గినంత తగ్గుతుంది. ఎన్నాళ్లని మాత్రం ఎవర్నీ అడక్కండి.

నాకు బతకాలని లేక కాదండీ. ఉంది. చాలా ఉంది. మీరు అటు తిరిగి కళ్లజోడు తుడుచుకుంటుంటే కూడా ఇంకొన్నాళ్లు ఉండాలనిపిస్తుంది. కానీ ఉన్నన్నాళ్లూ మీ దగ్గర నొప్పి దాచుకుంటూ ఉండలేను. నాకు నా ఇంట్లో, నా మంచం మీద, గట్టిగా అరవాలని ఉంది. అప్పుడు మీరు ఎక్కడికీ వెళ్లకండి. ఏమీ తేకండి. పక్కన కూర్చుని వినండి. మీకది ఎంత కష్టమో నాకు తెలుసు, అయినా అడుగుతున్నాను.

చదవడం అయితే లోపలికి రండి. ఇప్పుడు కూడా నొప్పిగానే ఉంది. మీరొచ్చేదాకా ఆపుకుంటాను.

మీ
మైథిలి