లీటరుకు పదమూడు

స్టాండులో అందరూ "పదమూడు" అని పిలిచే నేను, వయసు డెబ్బై ఒకటి, వృత్తి పికప్ బండి తోలడం, బాగుచేయడం, ఒంట్లో గుండె తప్ప మిగతా భాగాలన్నీ సక్రమంగా పనిచేస్తుండగా, బుద్ధి స్థిరంగా ఉండగా, ఎవరి బెదిరింపూ లేకుండా రాయించుకుంటున్న వీలునామా ఇది. నన్ను బెదిరించినవాడు ఇంతవరకు లేడు. బెదిరించింది నేనే. "బుద్ధి స్థిరంగా" అన్నచోట దస్తావేజు లేఖరి కలం ఆపి నా వంక చూశాడు. రాయమన్నాను, రాశాడు.

ఇదివరకు నేను రాసిన, చెప్పిన, కోపంలో అరిచిన ఏర్పాట్లన్నీ ఇందుమూలంగా రద్దు. ముఖ్యంగా, నా కొడుక్కి చిల్లిగవ్వ కూడా ఇవ్వనని షెడ్డు ముందు నిలబడి అరిచిన మాట రద్దు.

1. ఈ వీలునామాను అమలు జరపవలసినవాడు మా వీధి చివర లేత్ మిషన్ ఆయన. ముప్పై ఏళ్ల కిందట ఒక పనిలో కొలత తప్పుగా తీశాడని ఆయన ముక్కు మీద గుద్దాను. ఎముక విరిగి ముక్కు కుడివైపుకి ఒరిగింది, ఇప్పటికీ అలాగే ఉంది. మర్నాడు కట్టుతోనే వచ్చి, మళ్లీ కొలిచి చూపించాడు. ఆయన తీసిన మొదటి కొలతే సరైనది. నేను తన్నినవాళ్లలో మళ్లీ నా గడప తొక్కినవాడు ఆయనొక్కడే కాబట్టి ఈ బరువు ఆయన నెత్తిన పెడుతున్నాను.

2. నా కష్టార్జితమైన రెండు గదుల ఇల్లు, వంటగది, పెరడు నా తదనంతరం నా భార్యకు సర్వహక్కులతో చెందవలసినది. ఈవిడ మీద ఒకే ఒక్కసారి చెయ్యెత్తాను. ఆవిడ కాలుతున్న ఇనప గరిటె ఎత్తింది. నా ముంజేతి మీద మచ్చ అదే. తరవాత నలభై మూడేళ్లు ఇద్దరికీ ఆ అవసరం పడలేదు. బండిలో ఎడమ సీటు విప్పి ఆవిడకు వరండాలో వేయించాలి. గతుకుల్లో ఆవిడ నడుము పట్టేస్తోందని దానికి రెండు వరసల స్పాంజి నేనే కుట్టించాను. అది కంపెనీ సీటేనని ఆవిడ ఇప్పటికీ అనుకుంటోంది.

3. షెడ్డు స్థలం నా కొడుక్కి. వీడు ఒకనాడు డీజిల్ పైపుకి తగిలించే అయస్కాంతం ఒకటి కొనుక్కొచ్చాడు. అది పెడితే మైలేజి మూడో వంతు పెరుగుతుందని డబ్బా మీద రాసి ఉందట. డబ్బాతో సహా దాన్ని సుత్తితో పొడిపొడి చేసి, వాడి అత్తవారి ముందే వాడి చెంప పగలగొట్టాను. అయస్కాంతం విషయంలో చింత లేదు. చెంప విషయంలో ఉంది. వాడి పెళ్ళాం అప్పటినుంచీ నాకు మంచినీళ్ల గ్లాసు చేతికివ్వదు, బల్ల మీద పెట్టి పోతుంది. అమ్మాయ్, నువ్వు చేసింది సబబే.

4. పానాలు, డీజిల్ చిమ్మే నాజిల్ పరీక్షించే మిషన్, జాకీలు రెండూ నా కూతురికి. ఇంజను చప్పుడు విని రోగం చెప్పడంలో నన్ను మించిపోయింది. ఆ మాట దాని మొహం మీద ఎప్పుడూ అనలేదు. ఆడపిల్లకి గ్రీజు పని ఏమిటని నవ్విన బస్సు డ్రైవరు పన్ను ఒకటి నా బల్ల సొరుగులో ఉంది. అదీ దానికే.

5. నా పాత పికప్‌ను ఇకమీద ఎవరు తోలినా కింది షరతులకు బద్ధులు. నాలుగు చక్రాల్లో గాలి వారానికోసారి, పొద్దున్నే, టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూసుకోవాలి. గాలి తగ్గితే బండి డీజిల్ తాగుతుంది. ఎయిర్ ఫిల్టర్ దులపాలి, దులిపినా నల్లగా ఉంటే మార్చాలి, పిసినారితనం పనికిరాదు. జాకీ ఎక్కించి చక్రం చేత్తో తిప్పాలి. బిగుసుకుంటే బ్రేకు పట్టేస్తోందని అర్థం. సరుకు మోత లేని రోజుల్లో పైన ఇనప చట్రం విప్పేయాలి, అది గాలికి అడ్డం. క్లచ్ మీద కాలు పెట్టుకుని కూర్చునేవాడి కాలు విరగ్గొట్టడానికి నేను ఉండను కాబట్టి ఆ పని నా కూతురు చూసుకుంటుంది. నిదానంగా తోలితే లీటరుకు పదమూడు వస్తుంది. నా పేరు అలా వచ్చిందే.

6. ఇప్పుడు అసలు సంగతి. పందొమ్మిదేళ్ల కిందట, పదమూడు ఇచ్చే బండి చేత పద్నాలుగు ఇప్పిస్తానని స్టాండులో పందెం కాశాను. చక్రం పెద్దదైతే చుట్టుకి ఎక్కువ దూరం పోతుంది, ఇంజనుకి శ్రమ తగ్గుతుంది అనుకుని, పాత సామాన్ల కొట్లో ఒక సైజు పెద్ద టైర్లు ఏరి తెచ్చి బిగించాను. అప్పట్లో బండి తోలేది నా సొంత తమ్ముడు. నెల తిరిగాక ట్యాంకు నింపి చూస్తే పద్నాలుగు కాదు గదా, పన్నెండు కూడా రాలేదు. నాజిళ్లు కడిగాను, పంపు విప్పాను, అంతా శుభ్రంగా ఉంది. ఇక మిగిలింది తమ్ముడే. పైపు పెట్టి డీజిల్ తీసి అమ్ముకుంటున్నాడని తీర్మానించుకున్నాను.

మిట్టమధ్యాహ్నం డ్రైవర్లంతా షెడ్డులో అన్నాలు తింటున్నారు. చక్రం పక్కన కూర్చుని బోల్టులు బిగిస్తున్న తమ్ముణ్ని జాకీ రాడ్డుతో భుజం మీద కొట్టాను. వెల్లకిలా పడ్డాడు. కుడి మోచేయి మీద రెండో దెబ్బ వేశాను. ఎముక విరిగిన చప్పుడు తింటున్నవాళ్లందరికీ వినబడింది. లేవబోతే డొక్కలో తన్నాను. వాడి నోట్లోంచి రక్తం కారి నా చెప్పు మీద పడింది. దొంగ, దొంగ అని గొంతు పోయేదాకా అరిచాను. పదిమందీ ముద్ద చేతిలోనే పట్టుకుని చూశారు. లేత్ ఆయన వెనకనుంచి వాటేసుకుని లాక్కుపోకపోతే చంపి ఉండేవాణ్ని.

ఆ చెయ్యి మళ్లీ వంగలేదు. దొంగ అన్న పేరుకి ఏ యజమానీ పని ఇవ్వలేదు. వాడు గోడౌను గేటు దగ్గర కాపలా ఉంటున్నాడు. మరదలు వీధిలో నేను కనిపిస్తే తల తిప్పుకుని పోతుంది.

వాడు ఇంకా ఆసుపత్రిలో ఉండగా బండి నేనే తోలాను. నేను తోలినా పన్నెండు రాలేదు. అప్పుడు పెద్ద రోడ్డు మీద కిలోమీటరు రాళ్లు లెక్కపెట్టాను. యాభై రాళ్లు దాటాను, మీటరు నలభై అయిదే చూపించింది. మీటరు లెక్కపెట్టేది చక్రం చుట్లను. పెద్ద చక్రం అదే దూరానికి తక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు తక్కువ చూపిస్తుంది. బండి ఎప్పటిలాగే పదమూడు ఇచ్చింది. వాడు ఒక్క చుక్క తీయలేదు.

అప్పుడే పరుగున వెళ్లి వాడి కాళ్ల మీద పడాల్సింది. దానికి బదులు పాత సైజు టైర్లు వేసుకుని, చూశారా, దొంగ పోగానే మైలేజి వచ్చింది అని స్టాండులో మీసం తిప్పాను. నేను చేసిన వెధవ పనులన్నిటిలోకీ ఇది వెధవ పని.

7. కాబట్టి సదరు పికప్ బండి, కాగితాలు, తాళాలతో సహా నా తమ్ముడికి చెందవలసినది. వాడు తోలించుకున్నా, అమ్ముకున్నా, నడిరోడ్డు మీద తగలబెట్టినా అడ్డం వెళ్లినవాడి వాటా రద్దు. జాకీ రాడ్డును లేత్ మీద ముక్కలు కోయించాలి. ఆరో అంశాన్ని లేత్ ఆయన స్టాండులో, మధ్యాహ్నం అందరూ తినే వేళ, గొంతెత్తి చదవాలి. గొణిగితే ఒప్పుకోను.

8. ఒక మాట మిగిలింది. ఆనాడు తమ్ముడు నోరు మెదపలేదని, తప్పు చేసినవాడు కాబట్టే మెదపలేదని అందరికీ చెప్పుకున్నాను. అబద్ధం. మొదటి దెబ్బకే కింద పడి, నా ఒక్కడికే వినబడేంత సన్నగా, "టైర్లు చూడన్నయ్యా" అన్నాడు. నేను ఏరి తెచ్చిన టైర్లకే వంక పెడతావా అని రెండో దెబ్బ వేశాను. మోచేయి విరిగింది డీజిల్ కోసం కాదు, ఆ మాటకి. అన్నయ్య అన్న పిలుపు నాకు అదే ఆఖరు.

ఇది నేను చెప్పగా రాసి, చదివి వినిపించగా సరేనని ఒప్పుకుని చేసిన వ్రాలు.

తేదీ: 14 జూన్ 2022, మంగళవారం
(వ్రాలు) పదమూడు

మొదటి సాక్షి: (వ్రాలు) టైర్ల కొట్టు యజమాని

లేఖరి గమనిక: రెండో సాక్షిగా రావలసిన, రాయించినవారికి గుండె మందులిచ్చే నర్సు రాలేదు. వినడానికి మాత్రమే పిలిపించిన తమ్ముడు గారు, మొదటినుంచీ గుమ్మం దగ్గరే నిలబడి అంతా విని, లోపలికి వచ్చి కలం అడిగారు. వీలునామాలో వాటా ఉన్నవారు సాక్షి సంతకం చేస్తే ఆ వాటా చెల్లదని, బండి ఆయనకు దక్కదని రెండుసార్లు విడమరిచి చెప్పాను. "బండి ఎవరిక్కావాలండీ? ఇందులో రాసింది నిజమని సంతకం పెట్టేవాణ్ని నేనే కావాలి" అన్నారు. రాయించినవారు అభ్యంతరం చెప్పలేదు.

రెండవ సాక్షి: (ఎడమచేతి వ్రాలు) తమ్ముడు