గీత లేని పైన్ చెట్టు

క్యోటో

నాయనకూ అమ్మకూ సుగుణ దండాలు. నేను బాగున్నాను. మీరూ, అవ్వా, కొత్తగా ఈనిన ఆవూ బాగున్నారని నమ్ముతున్నాను. చెల్లీ, ఈ ఉత్తరం నాయనకు మెల్లగా చదివి వినిపించు. ఆయనకు కోపం వస్తే కాసేపు ఆగు గానీ ఏదీ వదిలేయకు.

ఇక్కడ చలి ఎక్కువ. రంగులో కలిపే జిగురు గిన్నెలోనే గడ్డకడుతుంది. అన్నానికి లోటు లేదు. అమ్మ ఇచ్చిన మిరపపొడి మాత్రం అయిపోయింది.

నాయనా, బొమ్మలు వేయడంలో మా గురువుగారిది కానో అనే పాత సంప్రదాయం. బంగారు రేకు అతికిన మడత తెరల మీద కొండలూ చెట్లూ వేస్తారు. ముందు నల్లసిరాతో గట్టి గీత, తర్వాతే రంగు. తాతల నమూనా దాటకూడదు. పోయిన వారం పెద్ద శిష్యుడు కెంజి అలాంటి తెర మీద, కొండల మధ్య, గీతే లేకుండా, తడి రంగుతో, మంచులో మునిగిన పైన్ చెట్టు వేశాడు. షిజో సంప్రదాయం వాళ్ళు అలా కంటికి కనబడినట్టు వేస్తారు. గురువుగారూ కెంజీ అన్న మాటలు నీకు తెలిసేలా మన మాటల్లోనే రాస్తున్నాను.

"ఇదేందిరా? చెట్టు యాడుండాది? పొయ్యి పొగ మాదిరి ఉండాదే!" అన్నారు గురువుగారు.

"కొండకు పోయి చూసినానయ్యా. ఆడ గీత లేదు."

"అయితే మా తాతలు గుడ్డోళ్ళా?"

"ఏమో. కొండకు పోయినట్టు లేదు."

గురువుగారు కాగితాలు కోసే కత్తి తీసి చెట్టును చీల్చబోయారు. కెంజి చెయ్యి అడ్డం పెట్టాడు. కత్తి వేళ్ళ మీద దిగింది. నెత్తురు బంగారం మీద చిమ్మింది. అతను చెయ్యి తియ్యలేదు. ఆయన మళ్ళీ కత్తి ఎత్తారు. తెర నేల మీద పరిచి ఉంది, నేను అవతల ఉన్నాను. చుట్టూ తిరిగి పోయే వ్యవధి లేదు. కాగితం కాలికి తగిలితే కళ్ళకద్దుకునే నేను ఆ కొండల మీదే కాలు పెట్టాను. కాగితం చిరిగి కాలు దిగబడింది. "నరకబాకు సామీ!" అని మన భాషలో అరిచి ఆయన మణికట్టు పట్టుకున్నాను. ఆయన కత్తి పిడితో నా నోటి మీద కొట్టారు. పెదవి చిట్లింది. మానుతోంది, భయపడొద్దని అమ్మకు చెప్పు.

కెంజి రెండు వేళ్ళు ఇక వంగవట.

పోలీసులు రాకముందే గురువుగారి భార్య నా ముందు నేలకు తల ఆనించింది. "కత్తి జారిందని చెప్పు తల్లీ. కెంజి ఉండే పెద్ద శిష్యుడి జాగా మా ఆయన నీకే ఇస్తాడు. ఈ ఇంట్లో ఏ ఆడదానికీ ఇయ్యలేదు."

ఆ జాగా కోసమే కదా నాయనా నన్ను ఇంత దూరం పంపావు. నాకూ ఆశ పుట్టింది. కానీ పోలీసు అడిగినప్పుడు, "జారలేదు. రెండోసారి కూడా ఎత్తారు. నేను చూశాను" అన్నాను.

ఆ సాయంత్రమే నా పెట్టె వీధిలో పెట్టారు. ఇప్పుడు కెంజి వాళ్ళమ్మ దగ్గర ఉన్నాను, బాగానే చూసుకుంటోంది. టికెట్టు కుదరగానే వస్తాను. నేర్చుకోవలసింది సగంలో ఆగిపోయింది. "ఆడబిడ్డను సదివించి ఏం సాధించినావప్పా?" అని బంగారుపాళ్యం బస్సులో మన ఊరోళ్ళు నిన్ను అడుగుతారు. జాగా పోయిందని చెప్పు నాయనా. ఎందుకు పోయిందో కూడా చెప్పు.

అవ్వకు నా దండాలు. మీ దీవెన ఈసారి మరీ కావాలి.

మీ బిడ్డ
సుగుణ