చీమలు పారేసిన నిమ్మాకులు

అక్కా,
నేను బాగానే ఉన్నాను, నా గురించి బెంగ వద్దు. నిన్నటినుంచి మీ ఫోను మోగుతోంది గానీ ఎవరూ ఎత్తడం లేదు. అందుకే ఈ ఉత్తరం ముక్క మీ ఊరి బస్సు డ్రైవరు చేతికిస్తున్నాను.

నేను పనిచేసే పురుగుల ప్రదర్శనశాలలో పెంచే విదేశీ చీమలు ఆకులు తినవని చెప్పాను కదా. ఆకులు కోసుకెళ్లి, నమిలి, వాటిమీద తెల్లటి బూజు పెంచుకుని ఆ బూజే తింటాయి. మీ పెరట్లోంచి తెచ్చిన నిమ్మాకులు వేస్తే ఎగబడి మోసుకుపోయాయి. మర్నాటికి బూజు నల్లబడింది. ఇప్పుడు ఆ ఆకు ముట్టడం లేదు సరికదా, లోపలి ముక్కలు కూడా చెత్తలోకి ఈడ్చేస్తున్నాయి. మా సూపర్వైజరమ్మ చూసి, "ఆ చెట్టుకి ఏదో మందు కొట్టారు. ముందు మీవాళ్లకి చెప్పు" అంది. అప్పట్నుంచి మీకు ఫోను చేస్తూనే ఉన్నాను.

బావ ఏం మందు కొట్టాడు? ఆ డబ్బా పారేయకు. మీ చిన్నది ఆడుకుంటూ ఆ ఆకులే నములుతుంది, వెంటనే డాక్టరుకి చూపించు. అమ్మని నిమ్మరసం మానేయమను. నీళ్లతొట్టి ఆ చెట్టుకిందే ఉంది, వాడకండి.

బావకి నమస్కారాలు, చిన్నదానికి ముద్దులు. చీమలకీ మొదట తెలియలేదు, బూజు చచ్చాకే తెలిసింది. మనింట్లో ముందుగా చచ్చి చెప్పే బూజు లేదక్కా. ఫోనెత్తు.

నీ తమ్ముడు